తడినేలలో రాగితీగ: పాత పరీక్ష పరికరాల కథ

టెలిఫోను మూగబోయిందని చెప్పడానికి విద్య అక్కరలేదు. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ మూగతనం ఎక్కడ మొదలైందో చెప్పడానికి మాత్రం విద్య కావాలి. ఎక్స్ఛేంజిలోనా, వీధి మలుపులోని ఇనుప పెట్టెలోనా, కాలువ గట్టు కింద పాతిన కేబులు అతుకులోనా, ఇంటి గోడ మీది తీగలోనా? ఆ విద్యకు తగిన పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు తనకు తాను అబద్ధం చెప్పడం లేదన్న నమ్మకమూ కావాలి. ఈ మూడో దాని గురించే ఈ టపా.

గోదావరి డెల్టాలో పెరిగినవారికి టెలిఫోను తీగ వానతో ముడిపడిన వస్తువు. నాలుగు చినుకులు పడగానే ఫోను గరగరలాడడం, ముసురు పట్టేసరికి "డెడ్డు" కావడం, ఎండ కాయగానే ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ మోగడం చాలా ఇళ్ళలో చూసిన విషయమే. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న మనిషి ఫలానా రోజున ఫలానా వేళకు మాట్లాడతానని చెబితే, ఆ వేళకు తీగ బతికి ఉంటుందా లేదా అన్నది కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ ఎన్నో కుటుంబాలకు చిన్న ప్రశ్న కాదు. ఆ తీగను బతికించడానికి ఎక్స్ఛేంజి లోపల ఒకరు మీటరు ముల్లును చూస్తూ కూర్చునేవారు, బయట ఒకరు నిచ్చెన వేసుకుని తిరిగేవారు. బయటి మనిషిని మనం చూశాం. లోపలి మనిషిని చూడలేదు.

ఆ లోపలి మనిషి పనిముట్లు ఇప్పుడు బజారుకు వచ్చాయి. టెలికాం సేవల శాఖ నుంచి 2000 అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్ ఏర్పడింది. 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద దేశం మొత్తం మీద 78 వేలకు పైగా ఉద్యోగులు ఒకేసారి ఆ సంస్థను విడిచారు. రాగి జంటల స్థానంలో గాజుతీగ వస్తోంది. పాత సామాను వేలంలో పోయి, చేతులు మారి, పాత ఇనుము కొట్లకూ పాత ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలకూ చేరుతుంది. కొనేవారు లేకపోలేదు. ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో, మిల్లుల్లో ఇంటర్‌కం లైన్లు చూసుకునేవారికి అవి కావాలి. రాగి ఇంకా పూర్తిగా పోని చోట్ల కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రవాళ్ళకు కావాలి. కేవలం సరదా కొద్దీ కొనుక్కునేవారూ ఉన్నారు. మీటరు దొరుకుతుంది గాని, దానితో పాటు దాన్ని వాడిన మనిషి దొరకడు. చిక్కంతా అక్కడే ఉంది.

కథను కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

1839లో కలకత్తాలో విలియం ఓషానెస్సీ అనే ఐరిష్ వైద్యుడు, వైద్య కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడు, బొటానికల్ గార్డెన్‌లో మైళ్ళ పొడవున ఇనుపతీగ లాగి, విద్యుత్తుతో సంకేతాలు పంపవచ్చునా అని ప్రయోగాలు చేశాడు. నదిలో తీగ ముంచి చూశాడు, తిరుగుదారి తీగగా నీటినే వాడి చూశాడు. అవతలి కొసన సంకేతం అందిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆయన వాడిన సాధనాల్లో ఒకటి మనిషి వేలు. తీగలో విద్యుత్తు వస్తే వేలికి చిన్న షాకు తగిలేది. మన దేశంలో తీగను పరీక్షించిన తొలి పరికరాల్లో మనిషి చర్మం ఒకటన్నమాట. తడి వేలితో తీగ కొసను తాకి ప్రాణం ఉందో లేదో చూసే లైన్‌మేన్ అలవాటుకు వంశవృక్షం చాలా పాతదే.

అదే 1839లో, నవంబరు నెలలో, కాకినాడకు దగ్గరలోని కోరంగి రేవు మీదికి సముద్రం వచ్చి పడింది. ఓడలు నిర్మించి, సరుకు ఎగుమతి చేసి, ఒక వెలుగు వెలిగిన ఆ పట్టణం మళ్ళీ పూర్వస్థితికి రాలేదు. కోరంగి తుపాను గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే తరువాత 1848లో "సైక్లోన్" అన్న మాటను పుట్టించాడు. తీగ మీద వార్త పంపవచ్చునని కలకత్తాలో తేలిన యేడాదే, ముందుగా వార్త అందే దారి లేక డెల్టా అంచున ఊరు మునిగిపోవడం కాకతాళీయమే. అయినా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ నేలకు తీగ ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కరలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1855లో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసుల మధ్య తంతి మార్గం ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల్లో తూర్పు తీరం వెంట కూడా తంతి నడిచింది. తీరం వెంట వచ్చే తీగకు పెద్ద గండాలు నదులు. ఆనాటి ఇంగ్లీషు పత్రికల్లో చిత్రవిచిత్ర విశేషాల శీర్షికల కింద ఒక వాక్యం పదే పదే అచ్చయ్యేది: ప్రపంచంలోకెల్లా పొడవైన తంతి తీగ అంగ ఇండియాలో కృష్ణా నది మీద, బెజవాడకూ "సెక్టనగ్రాన్"కూ మధ్య ఉందనీ, పొడవు 6,000 అడుగులకు పైబడిందనీ, రెండు వైపులా కొండలు 1,200 అడుగుల ఎత్తనీ. ఆ సెక్టనగ్రాన్ మన సీతానగరమే. కొండల ఎత్తు ఎంత పెంచి చెప్పారో బెజవాడలో ఇంద్రకీలాద్రి ఎక్కినవారికి తెలుసు. ఒకరు వేసిన అంకెను పదిమంది తిరిగి వేశారు, కొండను కొలిచి చూసినవారు మాత్రం లేరు. పాత మీటరు చూపే అంకెను కళ్ళు మూసుకుని నమ్మడం కూడా ఇలాంటిదే.

ఇక్కడ ఒక్కసారి మన తీరం దాటి అట్లాంటిక్ దాకా వెళ్ళి రావాలి. పరీక్ష పరికరాల చరిత్రలో అతి ఖరీదైన పాఠం అక్కడుంది. 1858 ఆగస్టులో ఐర్లండుకూ ఉత్తర అమెరికాకూ మధ్య సముద్రగర్భ కేబులు వేశారు. సంకేతాలు బలహీనంగా వస్తున్నాయని ముఖ్య విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ పెద్ద ఇండక్షన్ కాయిళ్ళతో సుమారు 2,000 వోల్టుల దాకా ప్రయోగించాడు. అంతకు ముందే లోపాలున్న కేబులు ఆ దెబ్బకు తట్టుకోలేక కొద్ది వారాల్లోనే చచ్చిపోయింది. అతి చిన్న విద్యుత్తును కూడా వెలుగు చుక్క కదలికగా చూపే అద్దపు గాల్వనామీటరును విలియం థామ్సన్ అప్పటికే తయారుచేశాడు. బలం పెంచడం కన్నా చూపును పెంచడం మేలని ఆ అనుభవం నేర్పింది. ఆ వైఫల్యం మీద విచారణ జరిగి 1861లో నివేదిక వెలువడింది. విద్యుత్ నిరోధానికి ఒక ప్రామాణిక కొలత ఏర్పరచడానికి బ్రిటిష్ అసోసియేషన్ సంఘం వేసిందీ 1861లోనే. 1881లో పారిస్ సమావేశం ఓం, వోల్టు, ఆంపియరులను అంతర్జాతీయంగా అంగీకరించింది. ఈనాడు మనం మీటరు మీద చదివే ఓం అనే అంకె, సముద్రం అడుగున కేబులు ఎన్నో మైలు దగ్గర తెగిందో తెలుసుకోవలసిన అవసరం వల్ల కూడా పదునెక్కిందని గుర్తుంచుకుంటే, ఆ పరికరం మీద గౌరవం పెరుగుతుంది.

1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను ఎక్స్ఛేంజిలు మొదలయ్యాయి. టెలిఫోను వచ్చాక తీగల పని పెరిగింది. తంతికి ఊరికొక తీగ చాలు, టెలిఫోనుకు ఇంటికొక జంట కావాలి. స్తంభాల మీద బిగించిన తీగలు చాలక, వందల జంటలను ఒక్క సీసపు తొడుగులో పెట్టి భూమిలో పాతడం మొదలైంది. ఒక్కో రాగి తీగకూ కాగితమే చొక్కా. పొడిగా ఉన్నంతకాలం కాగితం మంచి రక్షణ. సీసపు తొడుగుకు సూదిమొన అంత కన్నం పడితే మాత్రం ఆ కాగితం నీరు తాగుతుంది. అందుకే ముఖ్యమైన కేబుళ్ళలోకి పొడిగాలిని ఒత్తిడితో పంపేవారు. గాలి బయటికి తోస్తుంటే నీరు లోపలికి రాదు, ఒత్తిడి పడిపోతే ఎక్కడో కన్నం పడిందని ముందే తెలుస్తుంది. తరువాత కాగితం స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది, సందుల్లో జిగురులాంటి జెల్లీ నింపిన కేబుళ్ళు వచ్చాయి. అవి డెల్టాలాంటి నేలకు వరమే. అయినా అతుకు వేసిన చోట, చేతి పని ఉన్న చోట, నీటికి ఎప్పుడూ ఒక దారి ఉంటుంది.

రెండు మూడు అడుగులు తవ్వితే ఊట వచ్చే నల్లరేగడి, కాలువలో యేడాదిలో చాలా నెలలు పారే నీరు, సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు. రాగితీగకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. ఎక్స్ఛేంజి బ్యాటరీ 48 వోల్టులు, అందులో ధన ధ్రువాన్ని భూమికి కలిపి, తీగను ఋణ ధ్రువంగా ఉంచడం ఎందుకో ఇలాంటి చోట బాగా అర్థమవుతుంది. తడి తగిలిన చోట విద్యుత్ విశ్లేషణ జరిగి ధన ధ్రువంగా ఉన్న లోహం కరిగిపోతుంది. తీగ ఋణంగా ఉంటే ఆ తినివేత తీగను చాలావరకు వదిలేస్తుంది. ఈ జాగ్రత్త లేకపోతే తడినేలలో సన్నని రాగి మరింత త్వరగా తెగిపోయేది.

సరే, తీగకు జబ్బు చేసింది. జబ్బులు ప్రధానంగా నాలుగైదు. తీగ తెగిపోవడం. జంటలోని రెండు తీగలూ ఒకదానికొకటి తగిలి షార్టు కావడం. ఒక తీగ భూమికి అంటుకోవడం, దాన్నే ఎర్త్ అనేవారు. పక్క జంటతో తగలడం, అప్పుడు ఇంకొకరి సంభాషణ మన చెవిన పడుతుంది. చివరిది తడి వల్ల ఇన్సులేషన్ పలచబడడం. డెల్టాలో పెద్ద శత్రువు ఈ చివరిదే. మిగతావి ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. ఇది మాత్రం వానకు వచ్చి ఎండకు పోతుంది. లైన్‌మేన్ వచ్చేసరికి ఫోను పనిచేస్తూ ఉంటుంది. ఇంటివారి మాట అబద్ధంలాగా కనబడుతుంది.

ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్క్ ముందు కూర్చున్న మనిషి ఇంటికి వెళ్ళకుండానే ఈ జబ్బులను వేరుచేసేవాడు. ఆ పద్ధతి ఎంత సరళమో చూడండి. ఉదాహరణకు 50 వోల్టుల బ్యాటరీ, లోపలి నిరోధం 100 కిలో ఓములున్న వోల్టుమీటరు తీసుకుందాం. రెంటినీ వరుసగా లైనుకు కలిపితే, లైను మంచిదైతే ముల్లు సున్న దగ్గరే ఉంటుంది. లైను నిండా తడి ఉండి ముల్లు 25 వోల్టులు చూపితే, కారిపోతున్న దారి నిరోధం కూడా మీటరుతో సమానంగా 100 కిలో ఓములన్నమాట. 5 వోల్టులు చూపితే 900 కిలో ఓములు. ఇక బ్యాటరీ దిశను ఒక్కసారిగా తారుమారు చేస్తే ముల్లు ఒక్క ఎగురు ఎగిరి మళ్ళీ పడిపోతుంది. టెలిఫోను గంట వలయంలో ఉన్న కండెన్సరు నిండి ఖాళీ కావడం వల్ల వచ్చే ఎగురు అది. ఎగురు బాగా ఉంటే తీగ ఇంటిదాకా, ఫోనుదాకా, నిక్షేపంగా ఉందని అర్థం. బొత్తిగా లేకపోతే ఎక్కడో దగ్గరలోనే తెగింది. కొంచెం ఉంటే కేబులు కొంత దూరం వరకు బాగుండి ఆ తరువాత తెగింది. అనుభవం ఉన్నవారు ఆ ఎగురు ఎత్తును చూసి వీధి పేరు చెప్పగలిగేవారు.

ఒక సంగతి మాత్రం ఏ మీటరూ చెప్పదు. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో కోస్తా జిల్లాల్లో తంతి తీగలను తెంచారు. తీగ తెగిన కారణం గాలివానో, దొంగో, స్వాతంత్ర్య సమరయోధుడో అవతలి కొసన ఉన్న మీటరుకు ఒకటే. అది దూరం చెబుతుంది గాని కారణం చెప్పదు. కారణం తెలియాలంటే మనిషి వెళ్ళి చూడాలి.

జబ్బు తెలిశాక చోటు తెలియాలి. తవ్వేది రోడ్డు, లేదా ఎవరిదో కొబ్బరి తోట. తప్పు చోట తవ్వితే కూలీ పోతుంది, కాలం పోతుంది, మంచి కేబులుకు కొత్త గాయం అవుతుంది. షార్టు అయితే లెక్క తేలికగా కనబడుతుంది. 0.5 మిల్లీమీటర్ల రాగి జంట 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు రానూపోనూ సుమారు 168 ఓములు చూపుతుంది. మీటరు 336 అంటే రెండు కిలోమీటర్లు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, తీగలు తగిలిన చోట ఉండే నిరోధం కూడా ఆ అంకెలో కలిసిపోతుంది. రెండు, రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. తీగ 40 డిగ్రీల వేడిలో ఉంటే అదే రెండు కిలోమీటర్లు 362 ఓములు చూపుతుంది. ఆ అంకెను 20 డిగ్రీల లెక్కతో చదివితే సుమారు 150 మీటర్లు ముందుకుపోయి తవ్వుతాం. మే నెలలో రాజమండ్రి రోడ్ల మీద 150 మీటర్లు తప్పు తవ్వడం ఎంత శ్రమో ఊహించుకోవచ్చు.

ఎర్త్ జబ్బుకు ఇంతకన్నా అందమైన పద్ధతి ఉంది. దాన్ని ముర్రే లూప్ పరీక్ష అంటారు. క్రిస్టీ 1833లో చెప్పగా, వీట్‌స్టన్ 1843లో ప్రచారంలోకి తెచ్చిన వంతెన వలయమే దీనికి ఆధారం. చెడిన తీగనూ, అదే కేబులులోని ఒక మంచి తీగనూ అవతలి కొసన కలుపుతారు. ఇవతల వంతెన రెండు చేతులనూ ఆ తీగలకు తగిలించి, గాల్వనామీటరు ముల్లు కదలకుండా నిలిచేదాకా నిరోధాలను సర్దుతారు. కేబులు పొడవు 3 కిలోమీటర్లు అనుకుందాం, అంటే చుట్టు మొత్తం 6. మంచి తీగ వైపు చేయి 1,000 ఓముల దగ్గర, చెడిన తీగ వైపు చేయి 500 దగ్గర సమతూకం కుదిరితే, దోషం దూరం 6ను 500తో గుణించి 1,500తో భాగించగా 2 కిలోమీటర్లు. ఇది నిష్పత్తి కనుక ఎండ వేడి దీన్ని చెరపలేదు, రెండు తీగలూ సమానంగా వేడెక్కుతాయి. దోషం దగ్గరి నిరోధం బ్యాటరీ వైపు పడుతుంది కనుక అదీ లెక్కలోకి రాదు. అయితే తడిసిన అతుకు తానే ఒక చిన్న బ్యాటరీ. రాగి, ఉప్పు నీరు, మరో లోహం కలిస్తే విద్యుత్తు పుడుతుంది. అందుకని బ్యాటరీ దిశ మార్చి రెండోసారి కొలిచి, సగటు తీయడం పాతవారి నియమం. కాకినాడ, నరసాపురం వంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఈ నియమాన్ని తప్పించుకోవడం కుదరదు.

ఇక పాత మీటరు కొనేవారి సంగతి.

చేత్తో తిప్పే మెగ్గర్ తీసుకోండి. లండన్‌లోని ఎవర్షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ పెట్టిన వాణిజ్య నామం అది, ఇప్పుడు ఇన్సులేషన్ కొలిచే ప్రతి పెట్టెకూ అదే పేరైపోయింది. కొట్లో దాన్ని చేతిలోకి తీసుకోగానే ముల్లు ఎక్కడో మధ్యలో వాలి ఉంటుంది. చాలామంది అది చెడిపోయిందని పక్కన పెడతారు. అది చెడిపోవడం కాదు. ఆ మీటరులో ముల్లును సున్న దగ్గరికి లాగే స్ప్రింగు ఉండదు. ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు కాయిళ్ళ నిష్పత్తి మీద ముల్లు నిలుస్తుంది, తిప్పనప్పుడు ఎక్కడైనా వాలుతుంది. రెండు కొసలూ కలిపి మెల్లగా తిప్పితే సున్నకు రావాలి, విడదీసి తిప్పితే అనంతానికి పోవాలి. అనంతానికి పోకపోతే వెంటనే మీటరును తప్పు పట్టవద్దు. తీగలు ఊడదీసి ఒట్టి మీటరును తిప్పండి. ఇప్పుడు అనంతం చూపితే జబ్బు పాతబడిన రబ్బరు తీగలది. అప్పటికీ చూపకపోతే టెర్మినళ్ళ చుట్టూ పేరుకున్న మట్టినీ తేమనూ పొడిబట్టతో తుడిచి, ఎండలో కాసేపు ఉంచి మళ్ళీ చూడండి. అప్పుడు కూడా రాకపోతే జబ్బు లోపలిది. చాలావాటికి నిమిషానికి 160 చుట్ల దగ్గర చేతికి చిన్న జారుడు తగులుతుంది. అక్కడినుంచి వోల్టేజి స్థిరంగా ఉంటుంది. ఆ జారుడు తగలకపోతే క్లచ్చి బిగుసుకుపోయి ఉండవచ్చు.

వంతెన పెట్టె దొరికితే మొదట ఇత్తడి బిరడాలు చూడండి. కిలుం పట్టిన బిరడా సగం ఓమో, ఒక ఓమో తనంతట తాను కలుపుతుంది. ఉప్పుకాగితంతో రుద్దకూడదు. బిరడా ఆకారం చెడిపోతే ఇక ఎప్పటికీ గట్టిగా కూర్చోదు. మెత్తని గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పుతూ నొక్కి కూర్చోబెట్టాలి. డయలు ఉన్న పరీక్ష ఫోను అయితే 0 తిప్పి వదలండి. సెకనుకు 10 కొట్లు దాని ధర్మం కనుక 10 కొట్లకు సుమారు ఒక సెకనులో వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే లోపల గ్రీజు ఎండిపోయింది, పాత ఎక్స్ఛేంజి కూడా తప్పు నంబరు కలిపేది.

పల్స్ ఎకో టెస్టర్ కాస్త కొత్త తరానిది. తీగలోకి చిన్న తరంగం పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి దూరం చెబుతుంది. తెర మీద గీత పైకి లేస్తే తెగిన చోటు, కిందికి దిగితే షార్టు. తరంగం వేగం మైక్రోసెకనుకు 200 మీటర్లు అనుకుంటే, 20 మైక్రోసెకన్లలో ప్రతిధ్వని వస్తే దోషం 2 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అసలు కేబులులో వేగం 180 మీటర్లే అయితే దోషం నిజానికి 1,800 మీటర్ల దగ్గరే ఉంది, 200 మీటర్లు తేడా. పాత యంత్రంలో ముందు యజమాని పెట్టి వదిలేసిన వేగమే ఉంటుంది. పొడవు తెలిసిన కేబులు చుట్టకు తగిలించి, ఆ పొడవు చూపేదాకా సర్దుకున్న తరువాతే వీధిలోకి పోవాలి. మరొక మాట: నీరు చొరబడిన కేబులులో తరంగం నెమ్మదిస్తుంది, తడిసిన భాగం ఉన్నదానికన్నా పొడవుగా కనబడుతుంది. అందుకే రెండు కొసల నుంచీ కొలవాలి.

వైట్‌హౌస్ పాఠం ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. 500 వోల్టుల మెగ్గర్‌ను ఫోనుకో, ఎక్స్ఛేంజి ఎలక్ట్రానిక్ కార్డుకో కలిసి ఉన్న లైను మీద తిప్పితే, పరీక్షించవలసిన వస్తువునే చంపుతాం. రెండు కొసలా లైనును విడదీసి తీరాలి. పరీక్ష అయ్యాక కేబులులో నిలిచిన విద్యుత్తును ఖాళీ చేయనిదే తీగ ముట్టుకోకూడదు. ఓషానెస్సీ వేలు మనకు వద్దు.

ఇదంతా పనివాళ్ళ ముచ్చటే కదా అనిపించవచ్చు. 1986 ఆగస్టును తలచుకుంటే అలా అనిపించదు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. భద్రాచలం అంకె కిందికి చేరడం మీద లంకవాసుల ప్రాణాలు ఆధారపడ్డాయి. వరద ఎంత త్వరగా వచ్చినా వార్త దానికన్నా ముందు రావాలి. సరిగ్గా అంతకు ముందు నెలలోనే కర్ణాటకలోని కిత్తూరులో సీ-డాట్ తొలి గ్రామీణ ఎక్స్ఛేంజి మొదలైంది. ఆ తరహా చిన్న ఎక్స్ఛేంజిలు తరువాతి యేళ్ళలో దేశమంతటా పల్లెలకు చేరాయి. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టినప్పుడు కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ, టెలిఫోను స్తంభాలూ ఒరిగిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. అటువంటి రోజున ఏ తీగ బతికి ఉందో, ఏది తెగిందో, ఏది ముందు అతికితే ఎక్కువ ఊళ్ళకు మాట అందుతుందో చెప్పగలిగినది మీటరు ముందున్న మనిషే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71.3 అడుగులు వచ్చేనాటికి వార్త సెల్‌ఫోన్ల మీద పారుతోంది. ఆ టవర్లను కలిపే గాజుతీగలకూ తెగుళ్ళుంటాయి. వాటిని వెతికే యంత్రమూ వెలుగును పంపి ప్రతిధ్వని వినేదే. అందులోనూ వేగం సరిగ్గా పెట్టకపోతే దూరం తప్పుతుంది. వస్తువు మారింది గాని, పరీక్షించే దాన్ని ముందు పరీక్షించాలన్న నియమం మారలేదు.

పాత మీటరు కొనడానికి వెళ్ళేవారు జేబులో మూడు నిరోధాలు వేసుకుని వెళ్ళండి: 100 ఓములది, 1 కిలో ఓముది, 1 మెగోముది. కొన్ని రూపాయల వస్తువులు. మీటరు ఆ మూడింటినీ సరిగ్గా చదివితే దాని మాట విన్నా ఫరవాలేదు. చదవకపోతే దాని రూపం ఎంత ముచ్చటగా ఉన్నా అది బొమ్మే.

మీటరుతో పాటు రాని మనిషి సంగతి ఒకటి మిగిలింది. మన బంధువుల్లో, పరిచయస్థుల్లో తంతి తపాలా శాఖలోనో, ఆ తరువాతి టెలికాం శాఖలోనో టెస్ట్ డెస్క్ మీద కూర్చున్నవారు, కేబులు అతుకులు వేసినవారు ఇంకా ఉన్నారు. ఏ వీధి కేబులు ఏ వానకు లొంగేదో, ముల్లు ఎగురు చూసి వారు దూరం ఎలా పోల్చేవారో ఏ పుస్తకంలోనూ లేదు, వారి నోటనే ఉంది. తపాలా నుంచే మనం టపా అన్న మాటను తెచ్చుకున్నాం. ఆ శాఖ ఋణం తీర్చుకునే దారి కూడా అందులోనే ఉంది. వారి దగ్గర కూర్చుని, విని, ఒక్కొక్కరు ఒక్కో టపా రాయండి. మీటరు తుక్కులో పోయినా మరొకటి దొరుకుతుంది. ఆ వినికిడి పోతే మళ్ళీ దొరకదు.